నీకు గోదామే నప్పుతుంది

హాల్లో పెద్ద తెర ఉన్నట్టుండి ఆరిపోయి, బాగుచేసి ఆట మొదలుపెట్టడానికి ఓ గంట పడుతుందని మైకులో చెప్పినప్పుడు జనమంతా ఉసూరుమన్నారు గానీ, వెనక గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న పళ్లాయనకు మాత్రం ఎవరో తనను ఉరికంబం మీంచి దించి, కాసిన్ని నీళ్లు తాగి రమ్మన్నట్టు అనిపించింది. నీళ్లు తాగాడు కూడా. తాగాక కాగితపు గ్లాసు అంచు పళ్ల మధ్య పెట్టుకుని, అది మెత్తబడేదాకా అలాగే ఉండిపోయాడు. ఇక్కడ అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. కట్టుడు పళ్లు చేసే ల్యాబులో పని కాబట్టి పళ్లాయన. ఫైటింగ్ గేమ్ పోటీలకు వచ్చే కుర్రకారులో నలభై దాటినవాడు తనొక్కడే కాబట్టి ఆ పిలుపులో కాస్త గౌరవం, కాస్త వేళాకోళం. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు రెండో స్థానంలో నిలబడి, పక్కవాడు కప్పు ఎత్తుతుంటే చప్పట్లు కొట్టాడో లెక్కలేదు. మొదటి స్థానం మాత్రం ఒక్కసారీ రాలేదు. ఇవాళ మళ్లీ ఫైనల్. తనతో తలపడబోయేది ఎవరో కాదు, సొంత బావమరిది. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. తన ఇంట్లో, తన సోఫాలో కూర్చుని, తన దగ్గరే ఈ ఆట నేర్చుకున్నవాడు. మైకు పట్టుకున్న మనిషి పొద్దుటినుంచి "ఇంటిపోరు, ఇంటిపోరు" అని అరిచి అందర్నీ నవ్విస్తున్నాడు.

నవ్వినవాళ్లలో అందరికంటే గట్టిగా నవ్వింది బావమరిదే. ఇప్పుడు వాడు గదిలో లేడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు వాడు, పాడైన వస్తువు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. తెర ఆరిపోయిందనగానే "ఉండు బావా, ఆ వైర్ల సంగతేంటో చూసొస్తా" అని, ఫైనల్ ఆడాల్సింది తనేనన్న ధ్యాస కూడా లేకుండా వెళ్లి నిచ్చెనెక్కేశాడు. గోడ అవతలనుంచి వాడి గొంతు వినిపిస్తూనే ఉంది, టార్చి ఇమ్మని, టేపు ఇమ్మని, అలా కాదు ఇలా పట్టుకోమని. వాడు ఎక్కడికి వెళ్లినా పావుగంటలో ఆ చోటు వాడిదైపోతుంది. వెళ్లడమే మంచిదైంది, అనుకున్నాడు పళ్లాయన. గదిలో ఉంటే అడిగేవాడు. ప్రతి మ్యాచికి ముందూ అడిగినట్టే, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగి, "ఏం చెయ్యమంటావ్ బావా?" అని. ఎదురుగా ఆడేది ఎవరైతేనేం, వాడికి అడగడం అలవాటు. ఆ అలవాటు చేసిందెవరు?

ఏసీ కింద పెట్టిన బకెట్టులో నీటిచుక్క పడింది. ఇంకోటి. గదినిండా ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీలు, నేలమీద పాముల్లా వైర్లు, గోడకు ఆటలోని మనుషుల బొమ్మలు వేసిన పొడుగాటి పోస్టర్లు. ముప్ఫై మందికి పైనే ఉంటారు ఆ ఆటలో. ఆడబోయేముందు వాళ్లలో ఒకర్ని ఎంచుకోవాలి, ఆ తర్వాత వాళ్ల చేతులే మన చేతులు. కంపెనీ పెట్టిన పేర్లు నోరు తిరగక, ఆడేవాళ్లే తలో పేరూ పెట్టుకున్నారు. పళ్లాయన ఆడేది కర్రాయనతో. తెల్లగడ్డం, పొడుగాటి కర్ర, ఎదుటివాణ్ణి దగ్గరికి రానివ్వకుండా దూరంనుంచే పొడుస్తాడు. బావమరిది ఆడేది గోదాంతో. బస్తాలు మోసి మోసి మెడ భుజాల్లో కలిసిపోయినట్టుండే లావుపాటి మల్లుడు. నడక ఎద్దుబండి నడక, చేతికి చిక్కితే మాత్రం ఎత్తి కుదేస్తాడు. కాకపోతే చేతికి చిక్కాలి. గోదాం కర్రాయన దగ్గరికి రావాలంటే తిన్నన్ని పోట్లు తింటూ నడిచి రావాలి, వచ్చేసరికి సగం ప్రాణం పోయి ఉంటుంది. ఇక మూలనున్న పోస్టరులో నల్లగా, సన్నగా, ఒంటికాలి మీద నిలబడ్డ పిల్ల ఉంది చూడండి, ఆమె సూది. గట్టిగా తుమ్మితే పడిపోయేలా ఉంటుంది, కానీ కర్ర మీదుగా ఎగిరి వెనక దిగుతుంది. కర్రాయనకు వీపున కళ్లు లేవు. ఎవరు ఎవరికి చిక్కుతారో ఆడేవాళ్లందరికీ తెలుసు. ఆ పోస్టరు వైపు చూడకుండా ఉండాలంటే కుర్చీ తిప్పుకోవాలి. తిప్పుకున్నాడు.

బకెట్టులో చుక్క. వాడు మొదటిసారి ఈ ఆట పట్టిన రోజు వాన. బావమరిదికి కొత్తగా ఉద్యోగం వచ్చి, గది దొరికేదాకా అక్క ఇంట్లో ఉంటానని సంచీతో దిగిన రోజులు. దిగినవాడు మరి గది వెతుక్కోలేదు, వీళ్లూ వెతకమనలేదు. ఆదివారం, ఎక్కడికీ కదలలేని వాన. గోడవార బల్ల మీద భార్య బట్టలు ఇస్త్రీ చేస్తోంది, ఆవిరి వాసన. వాడు ఒక్కొక్క బొమ్మనూ పట్టి చూసి చూసి, "ఈ పిల్ల బాగుంది బావా, చలాకీగా ఉంది" అని సూదిని తీసుకున్నాడు. మొదటి ఆట ఓడిపోయాడు. రెండోదీ ఓడిపోయాడుగానీ, ఓడిపోతూ ఓడిపోతూ ఏదో కనిపెట్టాడు. ఆ తర్వాత కర్ర గాలిని పొడవడమే తప్ప వాడికి తగిలింది లేదు. వాడికి ఎవరూ చెప్పలేదు ఎప్పుడు ఎగరాలో. లిఫ్టు తలుపు మూసుకునేలోగా చెయ్యి లాగేసుకున్నట్టు, సరిగ్గా ఆ రెప్పపాటులో ఎగిరాడు. పళ్లాయన ఏళ్ల తరబడి చదువుకున్నట్టు నేర్చుకున్నది వాడు మధ్యాహ్నం అన్నం అరిగేలోగా దాటేశాడు. ఓడినప్పుడల్లా "ఇంకోటి" అన్నాడు పళ్లాయన. ఇంకోటీ ఓడాడు. చెవులు వేడెక్కాయి. వాడు విరగబడి నవ్వలేదు, ఎద్దేవా చెయ్యలేదు, చేసి ఉంటే ఎంత బాగుండేది. "ఏంటి బావా, కావాలని ఓడిపోతున్నావ్ కదూ" అన్నాడు, నిజంగా అలాగే అనుకుని.

అప్పుడు కంట్రోలరు ఒళ్లో పెట్టుకుని, కళ్లద్దాలు తీసి తుడుచుకుని అన్నాడు పళ్లాయన: "బాగానే ఆడావుగానీ, సూది నీకు నప్పదురా. నీకు అసలే తొందరెక్కువ, ఈ పిల్ల దాన్ని ఇంకా పెంచుతుంది. నీకు గోదామే నప్పుతుంది. ఓపిక నేర్పుతాడు." నప్పడం. ఆ మాట అతని వృత్తిలోది. పళ్ల డాక్టరు పిలిచినప్పుడు వెళ్లి, రోగి మొహాన్ని వెలుతురు వైపు తిప్పి, పెదాల రంగూ చర్మం రంగూ చూసి ఇదుగో ఈ ఛాయ పన్ను నీకు నప్పుతుంది అని చెప్పడం, చెప్పాక ఎవరూ కాదనకపోవడం. బావమరిది కూడా కాదనలేదు. ఒక్క క్షణం సూది వైపు చూసి, "అంతేనంటావా?" అని గోదాంను తీసుకున్నాడు. ఆ సాయంత్రం పళ్లాయన ఒక్క ఆటా ఓడలేదు. ఇస్త్రీపెట్టె చప్పుడు ఎప్పుడు ఆగిందో గమనించలేదు. తలెత్తితే ఆమె చొక్కా మడత పెడుతూ తనవైపే చూస్తోంది. వాన తగ్గినట్టుంది, కిటికీ తియ్యండి అంది.

అందులో అబద్ధం ఎంత, నిజం ఎంత? వాడికి తొందరెక్కువన్నది నిజం. ఓపిక మంచిదన్నది నిజం. నిజాలన్నీ ఒక్కచోట చేర్చి వాటితోనే అబద్ధం కట్టొచ్చని అప్పటిదాకా అతనికి తెలియదు. పోనీ ఆ రోజుది నోరు జారడం అనుకుందాం, వాన, వేడెక్కిన చెవులు, పెళ్లాం ముందు ఓటమి. మరి ఆ తర్వాతెప్పుడో బస్సులో అన్న మాట? ఒక టీము వాళ్లు ఆటగాడి కోసం వెతుకుతూ బావమరిది ఆట చూశారు. చూసి, కుర్రాడు బాగానే ఆడతాడుగానీ గోదాంతో ఆడేవాణ్ణి పెట్టుకుని ఎక్కడ నెగ్గుతాం అని వెళ్లిపోయారు. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో వాడు దాన్ని కూడా కథలా చెప్పి నవ్వించి, చివర్లో కిటికీలోంచి బయటికి చూస్తూ, "మార్చమంటావా బావా? సూదినైనా పడతా మళ్లీ" అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడంటే వినపడలేదని తప్పించుకోవచ్చు. తప్పించుకోలేదు. భుజం మీద చెయ్యి వేసి మరీ అన్నాడు: "వాళ్లకేం తెలుసురా. నువ్వు ఓపికపట్టు." ఆ రోజు వాన లేదు. చెవులు వేడెక్కలేదు. ఎదురుగా ఎవరూ గెలవడంలేదు. చల్లగా, తీరిగ్గా, టిక్కెట్టు జేబులో పెట్టుకుంటూ అన్నాడు.

వాడు ఓపికపట్టాడు. అదే వచ్చిన చిక్కు. గోదాంను పట్టుకుని నవ్వులపాలయ్యాడు, మొదటి రౌండుల్లోనే ఇంటికొచ్చాడు, బొటనవేలి మీద కాయ కాసేదాకా అవే ఎత్తడాలు, అవే కుదేయడాలు సాధన చేశాడు. ఆ పనికిరాని బరువును మోసుకుంటూనే ఒక్కో మెట్టే ఎక్కి ఇవాళ ఫైనల్‌కి వచ్చాడు, హాలంతా వాడి వైపే. గోదాం, గోదాం అని పొద్దుటినుంచి అరుపులు. అడిగిన ప్రతివాడికీ, అడగనివాడికీ కూడా, "నా ఆటంతా మా బావ పెట్టిన భిక్షే" అంటాడు. అన్నప్పుడల్లా పళ్లాయన చిన్నగా నవ్వి తల అడ్డంగా ఊపుతాడు, జనం దాన్ని వినయం అనుకుంటారు. ఇప్పుడు ముందువరసలో అదే టీము మనిషి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఇవాళ గెలిచినవాడికి వాళ్ల టీములో జీతంతో చోటు. వాడికి అది కావాలి, లిఫ్టు గుంతల్లో నడుం విరిగేలా వంగక్కర్లేదు. తనకేం కావాలి? ఒక్కసారి. ఒకే ఒక్కసారి కప్పు ఎత్తాలి. కళ్లు మునుపటిలా లేవు, తెర మీద కదలిక అరక్షణం ఆలస్యంగా అందుతోంది, వచ్చే ఏడాదికి ఇక్కడిదాకా కూడా రాలేడు. గోదాం మీద కర్రాయన. చూడకుండా ఆడినా గెలుస్తాడు.

ఓడిపోతే? చెయ్యి కాస్త వదులుగా వదిలేస్తే, పొడవాల్సిన చోట ఒక్క క్షణం ఆగితే? లాభంలేదు, వాడు పసిగడతాడు. ఈ చేతుల్ని వాడంతగా చూసినవాళ్లు ఎవరూ లేరు, దానం చేసినట్టు గెలుపు ఇస్తే వాడి మొహం ఎలా మారుతుందో ఊహించుకోలేకపోయాడు. అయినా అది కాదు అసలు కారణం. లోపలంతా వెతికాడు, అలమరలో అడుగున ఎక్కడో పెట్టిన వస్తువు కోసం తడిమినట్టు వెతికాడు, ఓడిపోవాలన్న కోరిక ఇంతైనా దొరుకుతుందేమోనని. చేతికి తగలలేదు. అవతల హాల్లో ఒక్కసారిగా కేకలు, ఈలలు. తెర వెలిగినట్టుంది.

తలుపు తోసుకుని వచ్చాడు బావమరిది. జుట్టునిండా బూజు, అరచేతులు నల్లగా. ప్యాంటుకే తుడిచేసుకుని, పక్క కుర్చీ లాక్కుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగాడు.

"వైరు వదులైంది బావా, అంతే. దానికి గంటంట!" అని కాసేపు నవ్వి, ఆగాడు. "ఒక మాటడగనా? నవ్వకూడదు."

"అడుగు."

"నీమీద ఎవర్ని తీసుకోమంటావ్?"

"నాతో ఆడుతూ నన్నే అడుగుతున్నావేంట్రా?"

"మరింకెవర్నడగను? ఎప్పుడూ నిన్నేగా అడిగేది."

పళ్లాయన వాడి మొహంలోకి చూశాడు. వేళాకోళం లేదు, ఎత్తుగడ లేదు. బకెట్టులో చుక్క పడిందో లేదో వినిపించలేదు.

"సూదిని తీసుకో" అన్నాడు.

"సూదా? నాకు నప్పదన్నావుగా."

"అప్పుడన్నాను. ఇప్పుడు చెప్తున్నా, నప్పుతుంది. నిజంగా చెప్తున్నా."

వాడు బొటనవేలి కాయను గిల్లుకుంటూ ఆలోచించాడు. "దాన్ని ముట్టుకుని ఎన్నేళ్లయిందో" అన్నాడు. తర్వాత మొహం విప్పారింది. "సరే. నువ్వు చెప్తే అంతే బావా."

అబ్బ, ఎంత తేలిక! గుండెల మీంచి బండరాయి దింపేసినట్టు. వాడి వెనకే ఆ ఇరుకు దారిలో నడుస్తుంటే కాళ్లు నేలమీద ఆనడం లేదు. చెప్పేశాను. ఎదురుగా నిలబడి, నన్ను ఓడించే దారి నేనే చెప్పాను, ఇంతకంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? హాలు వెలుతురు కళ్లలో కొట్టింది, అరుపులు, చెమట వాసన, వేదిక మెట్లు. మొదటి మెట్టు మీద కాలు పెట్టాడో లేదో, కాలు అక్కడే ఆగిపోయింది. ముట్టుకుని ఎన్నేళ్లయిందో. వాడి వేళ్లనిండా గోదామే ఉన్నాడు. ఆ కాయ గోదాం కాయ. సూదికి కావలసిన వేళ్లు వానాకాలం ఆదివారంనాటివి, అవిప్పుడు లేవు. గోదాంతో అయితే ఎక్కడో వెయ్యింటికి ఒకటైనా ఆశ ఉండేది వాడికి, సాధన చేసిన ఆశ. ఇప్పుడు అదీ లేదు. ఇదంతా నాకు తెలియదా, చెప్పేటప్పుడు? తెలిసే చెప్పానా? వెనకనుంచి ఎవరో "కదలండి పళ్లాయనా" అన్నారు. కదిలాడు. వెనక్కి పిలిచి, వద్దురా, గోదాంనే తీసుకో అంటే? అప్పుడది ఎవరి కోసం అన్నట్టు? ఏ మాట అన్నా దాని అడుగున తనే కూర్చుని ఉన్నాడు.

తెర మీద సూది ఒంటికాలి మీద నిలబడగానే హాలు గతుక్కుమంది. "గోదాం ఏడీ?" అని ఎవరో అరిచారు. మూడు ఆటలు ముందు గెలిచినవాడిదే కప్పు, ఒక్కో ఆటకు రెండు రౌండులు గెలవాలి. మొదటి ఆట ఆట కాదు. సూది ఎగరాల్సిన చోట ఎగరలేదు, ఎగిరిన చోట కర్ర ముందే ఉంది. రెండోది అంతకంటే అన్యాయం, జనం నవ్వడం మొదలుపెట్టారు. ముందువరసలో టీము మనిషి ఫోన్ తీసి చూసుకుంటున్నాడు. బావమరిది పక్కకు తిరిగి, క్షమించమన్నట్టు ఒక నవ్వు నవ్వాడు, అన్నం పెట్టినవాడి ఇంట్లో గ్లాసు పగలగొట్టినట్టు. ఆ నవ్వు చూశాక కూడా పళ్లాయన చేతులు ఆడుతూనే ఉన్నాయి, అవి అతని మాట వినడం ఎప్పుడో మానేశాయి.

మూడో ఆట మొదటి రౌండులో అది జరిగింది. కర్ర ముందుకు వెళ్లింది, సూది అక్కడ లేదు. వెనక దిగింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ లేదు. పళ్లాయన పక్కకు చూసే ధైర్యం చెయ్యలేదుగానీ, వాడి ఊపిరి మారడం వినిపించింది, పరుగెత్తి పరుగెత్తి దారిలో పడ్డవాడి ఊపిరి. ఆ తర్వాత అతను ఏం చేశాడో అతనికే తెలియదు, ఎంత చేసినా ఒక్క పోటు కూడా తగల్లేదు. ఒక్కటి కూడా. హాలు మొదట చప్పబడింది, తర్వాత లేచి నిలబడింది. టీము మనిషి ఫోన్ జేబులో పెట్టేశాడు. ఇంతమంది ముందు, ఇంత పెద్ద తెర మీద, ఆ ఆదివారం మధ్యాహ్నం. దాన్ని తీసుకెళ్లి గదిలో పెట్టి తాళం వేసింది తను, అది అన్నేళ్లూ లోపల కూర్చునే ఉంది, పెరగకుండా, చావకుండా. గెలవరా, అనుకున్నాడు ఆ ఒక్క క్షణం, నిజంగా అనుకున్నాడు, గెలిచి నన్ను వదిలించు. రెండో రౌండు తన్నుకుని తన్నుకుని పళ్లాయనదైంది. చివరి రౌండులో ఇద్దరికీ ప్రాణం ఒక్క దెబ్బంత మిగిలింది. సూది ఎగరాలి. ఎగిరితే అయిపోతుంది. వాడు ఎగరలేదు. కూర్చున్నాడు. ఎదుటివాడు తొందరపడేదాకా కదలకుండా కూర్చోవడం, గోదాం చేసే పని. ఓపిక. తను నేర్పిన ఓపిక. పళ్లాయన చేతులు కర్రను ముందుకు తోశాయి, ఈసారి తగిలింది.

అరుపులు. ఎవరో వీపు తడుతున్నారు, ఎవరో కప్పు చేతిలో పెట్టారు, అనుకున్నదానికంటే తేలిగ్గా ఉంది. బావమరిది అతన్ని అమాంతం వాటేసుకుని గాల్లోకి ఎత్తాడు. ఓడినవాడి మొహం కాదు అది, పండిపోయి వెలిగిపోతోంది.

"బావా, ఆ రౌండు చూశావా! చూశావా అసలు! ఒక్కటి తగల్లేదు!" దించి, భుజాలు పట్టుకుని ఊపేస్తూ నవ్వాడు. "ముందే ఎందుకు చెప్పలేదు బావా, సూది నాకు నప్పుతుందని?"

"చెప్తే నన్ను ఓడించేస్తావని."

పళ్లాయన గొంతు స్పష్టంగానే ఉంది. మాట తడబడలేదు. వాడి కళ్లలోకి చూస్తూనే అన్నాడు. బావమరిది ఒక్క క్షణం నోరు తెరిచి, కడుపు పట్టుకుని నవ్వాడు. బావా బావమరుదుల మధ్య హాస్యం కానిది ఏముంటుంది? పెళ్లినాటినుంచి వాళ్లిద్దరూ ఒకరినొకరు ఆడిపోసుకోని రోజు లేదు. "విన్నారా? మా బావ ఏమంటున్నాడో విన్నారా?" అని మైకు మనిషికి చెప్పాడు, అతను దాన్ని మైకులో చెప్పాడు, హాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల మధ్య పళ్లాయన కప్పు పట్టుకుని నిలబడ్డాడు. ఇంత నిజం ఇంతమందికి ఒక్కసారిగా చెప్పి, ఒక్కడికీ చేరవేయలేకపోయాడు.

ఫోన్ మోగింది, బావమరిది జేబులో. "అక్కా! బావే! ఊఁ, బావ గెలిచాడు! నన్ను ఉతికి ఆరేశాడు" అంటూ ఒక చెవి మూసుకుని అరుస్తున్నాడు. "అది సరేగానీ, ఇది విను. సూది నప్పుతుందని ముందే ఎందుకు చెప్పలేదు బావా అంటే, చెప్తే నన్ను ఓడించేస్తావని అన్నాడు!" చెప్పి, నవ్వు మొహాన అలాగే పెట్టుకుని, అటునుంచి నవ్వు వినిపించడం కోసం ఆగాడు. ఆగినకొద్దీ ఆ నవ్వు అంచులు వదులయ్యాయి. "అక్కా? వినిపిస్తోందా?" ఫోన్ వైపు ఓసారి చూసి, చెయ్యి చాపాడు. "బావా, నీకిమ్మంటోంది."

కప్పు ఎక్కడ పెట్టాలో తోచక దాన్ని బావమరిది చేతికిచ్చి ఫోన్ అందుకున్నాడు పళ్లాయన. అటునుంచి ఆమె ఊపిరి వినిపిస్తోంది.

"నిజమేనా?" అంది చివరికి.

అవతల ఎవరో ఫొటో తీస్తున్నారు. బావమరిది కప్పును రెండు చేతులతో తలమీదికి ఎత్తి పట్టుకుని, ఇది నాది కాదు, మా బావది అని అందరికీ చెబుతున్నాడు.

"నిజమే" అన్నాడు.